మూడొందల మంది చాలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చేది టీవీలో కనిపించే ప్రీమియర్ లీగే. దాని కింద మెట్లు మెట్లుగా వందలాది చిన్న క్లబ్బులున్నాయి. వారమంతా ప్లంబింగో, వడ్రంగమో చేసుకునే కుర్రాళ్లు శనివారం బూట్లేసుకుని ఆడతారు. మేముండే లండన్ శివారులోనూ అలాంటి క్లబ్బొకటి ఉంది.

2020 జూన్ 17న ప్రీమియర్ లీగ్ మళ్లీ మొదలైంది... ప్రేక్షకులు లేకుండానే! వేలకు వేల కుర్చీలు ఖాళీ. టీవీలో వినిపించే కేకలు కూడా రికార్డు చేసినవే. అయినా పెద్ద క్లబ్బులకు టీవీ డబ్బుంది. చిన్నవాటికి గేటు టికెట్టు, టీ కొట్టు రాబడే దిక్కు. అందుకే కాబోలు, ఆగస్టు చివర్లో కింది స్థాయి మ్యాచ్‌లకు కొద్దిమందిని అనుమతించారు. మా మైదానానికి మూడొందల మంది.

గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు రాసి, రెండు మీటర్ల ఎడంతో నిలబడేవాళ్లం. నా పక్కన ఎప్పుడూ ఓ పెద్దాయన. ఆ వసంతంలోనే భార్య పోయిందట. 'ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. మనుషుల గొంతు వినాలని వస్తున్నా' అన్నాడు. గోల్ పడితే కౌగిలింతల్లేవు. దూరం నుంచే చేతులూపుకునేవాళ్లం.

నవంబరు 5న రెండో లాక్‌డౌన్, జనవరిలో మూడోది. 2021 ఫిబ్రవరిలో ఆ సీజన్‌నే మధ్యలో ముగించేశారు. పెద్దాయన ఎలా ఉన్నాడో తెలీదు. ఫోన్ నంబరు గేటు పుస్తకంలోనే ఉండిపోయింది.

ఆగస్టులో మైదానం తెరిచారు. ఆయన వచ్చాడు. ఈసారి నా భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు.