నెత్తురు ఇంటిపేరే చెబుతుంది



మనలో చాలామంది ఇళ్ళలో గొర్రెలో మేకలో ఉన్నాయి. వానలు పడి పచ్చిక లేచిందంటే నట్టల బాధ మొదలు. ఈ మధ్య గృహకూడికలో ఒక సహోదరుడు అడిగాడు: "అయ్యగారూ, జీవాల నెత్తురు పరీక్షకు పంపితే ఏ నట్ట పట్టిందో తేలిపోదా? ఊరికే మందులు తాపడం ఎందుకు?" ఆయనవి నాలుగు జీవాలు పోయాయి. వాటి మీద తెచ్చిన అప్పు మాత్రం పోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జీవం కడుపులో ఒకే రకం నట్ట ఉండదు. నాలుగో పొట్టలో నెత్తురు తాగే హీమాంకస్, చిన్నపేగులో ట్రైకోస్ట్రాంజైలస్, పెద్దపేగులో ఈసోఫాగోస్టోమమ్ ఒకేసారి ఉండవచ్చు. వీటిలో హీమాంకస్ మహా చెడ్డది. ఒక్కొక్కటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా నెత్తురు తీస్తుంది. వెయ్యి ఉంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. దవడ కింద నీరు దిగేది ఆ నెత్తురు పోయే!

ఇవన్నీ దగ్గరి చుట్టాలు. వాటి ఒంట్లోని ప్రొటీన్లకు పోలికలుంటాయి. అందుకని హీమాంకస్ మీద గొర్రె తయారుచేసుకున్న యాంటీబాడీలు ట్రైకోస్ట్రాంజైలస్ ప్రొటీన్లకూ అతుక్కుంటాయి. ఊళ్ళోకి కొత్త కుర్రాడొస్తే ముఖం చూసి ఇంటిపేరు చెప్పేస్తాం, అన్నదమ్ముల్లో ఎవరో మాత్రం చెప్పలేం. నెత్తురు పరీక్ష కూడా చాలాసార్లు అంతే. పైగా నట్టలు పోయాక కూడా యాంటీబాడీలు కొంతకాలం నిలుస్తాయి. అంటే నిన్నటి శత్రువును ఈరోజు చూపిస్తుందన్నమాట.

అయితే ఈ పోలిక పరీక్షకు అడ్డమే గాని గొర్రెకు కొంత మేలు. కొత్తగా పిల్లపురుగులు లోపలికి పోగానే పాత హీమాంకస్‌లు ఒక్కసారిగా బయటపడడాన్ని 1929లో నార్మన్ స్టోల్ రాశాడు. ఒక జాతిని ఎదిరించడం నేర్చిన పేగు, అదే సమయంలో వచ్చిన వేరే జాతి పిల్లపురుగులను కూడా కొంతవరకు నిలవనివ్వదని తర్వాతి వాళ్ళు చూశారు. కొంతవరకే సుమా, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. చిన్నపిల్లలకు ఆ బలం ఇంకా రాదు. ఈనే రోజుల్లో తల్లికి తగ్గిపోతుంది, అప్పుడే గుడ్లు ఎక్కువగా పడతాయి, ఆ గడ్డే పిల్లలు మేస్తాయి. మేకలకైతే గొర్రెలంత గట్టిగా ఈ బలం కుదరదు.

నాకు ఆశ్చర్యమనిపించిన సంగతి ఒకటుంది. 2014లో ఆస్ట్రేలియాలో బార్బర్‌వ్యాక్స్ అనే టీకా వచ్చింది. దాన్ని హీమాంకస్ పేగు గోడల్లోని ప్రొటీన్లతో చేశారు. అవి పురుగు లోపల దాగి ఉంటాయి గనుక గొర్రె శరీరానికి మామూలుగా కనబడవు. టీకా వేస్తే వాటి మీద యాంటీబాడీలు పుడతాయి. నట్ట నెత్తురు తాగినప్పుడు తన చావును తానే తాగుతుంది! నెత్తురు తాగని ట్రైకోస్ట్రాంజైలస్‌కు మాత్రం ఆ టీకాతో ఏమీ కాదు. అక్కడ చుట్టరికం పనిచేయలేదు.

సామెతల గ్రంథం 27వ అధ్యాయంలో మంద సంగతి కాపరే కనిపెట్టుకోవాలన్న ఆజ్ఞ ఉంది. నా మట్టుకు అది కనురెప్ప తిప్పి చూడడంతో మొదలవుతుంది. లోపల ఎర్రగా ఉందా, పాలిపోయిందా? పాలిపోతే ముందు అనుమానించాల్సింది హీమాంకస్‌నే. కనురెప్ప ఎర్రగా ఉన్నా పారుకుంటూ చిక్కిపోతుంటే వేరే నట్టలు కావచ్చు, వేరే రోగమూ కావచ్చు. పెంటికల పరీక్షలో గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఈ జాతుల గుడ్లు కూడా ఒకేలా ఉంటాయి కాబట్టి, జాతి తేలాలంటే వాటిని పొదిగించి పిల్లపురుగులను చూడాలి. మందు తాపిన రెండు వారాలకు మళ్ళీ లెక్కిస్తే ఆ మందు ఇంకా పనిచేస్తోందో లేదో బయటపడుతుంది. ఊరంతా ఏళ్ళ తరబడి ఒకే మందు వాడితే లొంగని నట్టలే మిగులుతాయి.

ఆ సహోదరుడు, నేను సోమవారం పశువుల ఆసుపత్రికి వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు తాజా పెంటికలే తెండి, నేల మీద ఎండినవి వద్దు. ఏ జీవానివో డబ్బా మీద రాయండి.