అల్లుడి కార్డు, నా కార్డు

అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మల్లో నేనూ ఒకదాన్ని. బయల్దేరేముందు మావారు తన క్రెడిట్ కార్డు మీద నా పేరున ఇంకో కార్డు తీయించి, "ఎవర్నీ అడగక్కర్లేదు, వాడుకో" అని చేతిలో పెట్టారు. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసిందీ ఆయనే. అది చెయ్యకపోతే కార్డు అక్కడ పనిచెయ్యదు, గుర్తుంచుకోండి.

దారిలో దుబాయ్ ఎయిర్‌పోర్టులో కాఫీ తాగితే మెషీన్ అడిగింది, రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా అని. పరాయి చోట మన రూపాయి కనపడితే ప్రాణం లేచొస్తుంది కదా! కానీ ఎదురింటి వదిన ముందే చెప్పి పంపింది. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాళ్ళు వేస్తారు, అది మనకి గిట్టుబాటు కాదు, ఏ దేశంలో ఉంటే ఆ దేశపు డబ్బే నొక్కమని. దిర్హమ్‌లే నొక్కాను.

మొదటి నెల బిల్లు మావారు వీడియో కాల్‌లో చదివి వినిపించారు. కొన్న ప్రతిదాని కిందా ఇంకో చిన్న వరస. మా కార్డుకి మార్కప్ 3.5 శాతం, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. డాలరు 85 రూపాయలనుకుంటే 100 డాలర్ల సరుకు 8,500. దానికి మార్కప్ 297.50, పన్ను 53.55. అంటే 351 రూపాయలు. మా ఇంట్లో వారం పాల ఖర్చు!

"అత్తయ్యగారూ, నా కార్డు ఉండగా మీకెందుకండీ ఈ ఛార్జీలు?" అన్నాడు అల్లుడు. మంచి పిల్లాడు. లెక్క ప్రకారం అతనిదే సబబు, డాలర్ల కార్డుకి డాలర్లలో కొంటే ఈ మార్కప్ ఉండదు. అమ్మాయి అయితే కసిరింది కూడా. కానీ మనవరాలికి బారసాల గౌను అమ్మమ్మ పెట్టేది. అది అల్లుడి డబ్బుతో కొని అతని ఒళ్ళోనే పెడితే నేను పెట్టినట్టు ఎలా అవుతుందమ్మా?

చివరికి పంచుకున్నాం. వారం వారం సరుకులకి అల్లుడి కార్డు, పసిదానికి, బాలింతకి నేను కొనేవాటికి నాది. గౌను పెద్దదయిందని తిరిగి ఇచ్చేస్తే దాని ధర వెనక్కొచ్చింది గానీ మార్కప్ రాలేదు. "నీ పౌరుషానికి నాలుగు శాతం పన్ను కడుతున్నానోయ్" అని మావారు నవ్వారు. నవ్వనీ. ఆ కార్డుతో ఏటీఎంలో మాత్రం డబ్బు తియ్యలేదు. తీస్తే ఛార్జీ వేరు, తీసిన రోజు నుంచే వడ్డీ వేరు.

వచ్చే వేసవికి దాని పుట్టినరోజుకి మళ్ళీ వెళ్ళాలి. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయట. జీతం లేకపోయినా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇస్తారని తెలిసి, నా పొదుపులో కొంత డిపాజిట్ వేసి మొన్న సోమవారమే దరఖాస్తు పెట్టాను. ఈసారి బిల్లు కూడా నా పేరునే వస్తుంది.