పాత కార్ల ప్రదర్శనలో మేము చూచినది

యంత్రానికి రెండు జన్మలున్నవని మా అభిప్రాయం. మొదటిది కర్మాగారంలో కలుగుతుంది. దానికి తేదీ, సంఖ్య, సంస్థ పేరు ఉంటాయి. రెండవది మరమ్మతు చేయువారి చేతులలో మాటిమాటికీ కలుగుతూ ఉంటుంది. దానికి ఏ లెక్కాపత్రమూ ఉండదు. గత శీతకాలంలో చెన్నై నగరంలో జరిగిన పాతకాలపు బ్రిటిషు కార్ల ప్రదర్శనకు మేము మొదటిసారిగా వెళ్ళినాము. అక్కడ చూచినదానితో ఈ అభిప్రాయం మాలో స్థిరపడినది. తెలుగు పాఠం చెప్పుకొను వానికి కార్లతో ఏమి నిమిత్తమని విద్యార్థులు అడుగవచ్చు. ఆ నిమిత్తమేమిటో వ్యాసం ముగియులోగా వారికే తెలియగలదు.

మా స్వగ్రామం ఐరాల. కాణిపాకం మా మండలంలోనిదే. క్రొత్త కారు కొన్నవారు వరసిద్ధి వినాయకుని సన్నిధిలో పూజ చేయించి, చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టి నడుపుకొని పోవుట మేము చిన్ననాటి నుండి ఎరిగిన దృశ్యం. క్రొత్త బండ్లు గుడికి పోతే, పాత బండ్లు మా చిచ్చాగారి షెడ్డుకు వచ్చేవి. చిచ్చా మా నాన్నగారి తమ్ముడు. పదమూడవ ఏట మద్రాసు చేరి, పుదుప్పేటలో ఒక ఉస్తాదు వద్ద పని నేర్చినారు. ఇరువది ఏండ్ల తరువాత ఊరికి తిరిగివచ్చి చిత్తూరు రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డు వేసుకొన్నారు. మోటారు వాహనాల పాత విడిభాగాలకు మద్రాసులో పుదుప్పేట పెద్ద అంగడి. అక్కడ దొరకని బోల్టు లేదని ప్రతీతి. చిచ్చా చదువు నాలుగవ తరగతితో ఆగినది. అయినా ఉర్దూ, తెలుగు, తమిళం మూడు భాషలలోనూ ఇంజను రోగం చెప్పగలరు.

ఆ షెడ్డులో మా కళాశాల విద్యార్థి ఒకడు ఏడాదిగా సాయంకాలాలు గడుపుతున్నాడు. బి.కాం. రెండవ సంవత్సరం. అతని తండ్రి బెల్లపు గానుగల వద్ద కూలిపని చేస్తారు. ఆయన ఒకనాడు మా ఇంటికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాక, గడప వద్దనే నిలబడినారు. "సార్, నా చేతులు కాల్చుకొని వాణ్ణి చదివిస్తా ఉండాను. డిగ్రీ చదివే బిడ్డ చేతికి మసి ఎందుకు? మీరు చెబితే వింటాడు. మీ చిన్నాయనకు కూడా మీరే చెప్పాల" అన్నారు. పాకం చిట్లి కాలిన మచ్చలు ఆయన మణికట్లపై ఉన్నవి. ఆ చేతులు చూచినవారికి ఆ మాటను త్రోసిపుచ్చుటకు నోరు రాదు. ఆలోచించి చెప్తామని పంపినాము.

ఆ వారంలోనే చెన్నై నుండి చిచ్చాకు కబురు వచ్చినది. అక్కడి పెద్దమనిషి ఒకరికి 1947 నాటి ఎం.జి. కారు ఉన్నది. దాని కార్బరేటర్లు చాలా కాలంగా చిచ్చాయే సరిచేస్తున్నారు. ప్రదర్శన దినాన కారు వద్ద ఉండవలసినదిగా ఆయన కోరినారు. చిచ్చా మమ్ములనూ, ఆ విద్యార్థినీ వెంట రమ్మన్నారు. తండ్రి అనుమతితోనే అతనిని తీసుకొని, శనివారం మధ్యాహ్నం చిత్తూరులో బస్సు ఎక్కినాము. రాణిపేట మీదుగా సుమారు 150 కిలోమీటర్ల ప్రయాణం. శ్రీపెరుంబుదూరు దాటగానే ఇరుంగాట్టుకోట్టై వద్ద మోటారు పందెపు బాట ఉన్నది. అది 1990లో ఏర్పడక ముందు పందేలు షోలవరంలోని పాత విమానపు బాటపై జరిగేవట. ఉస్తాదు వెంట పానాల డబ్బా మోసుకొని తామూ అక్కడికి వెళ్ళేవారమని చిచ్చా బస్సులో చెప్పినారు.

మరునాడు ప్రొద్దున మైదానం చేరేసరికి చెట్ల నీడన కార్లు బారులు తీరి ఉన్నవి. పాత కారనగానే మనవారికి హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం ప్రభువుల రోల్స్ రాయిస్ స్ఫురిస్తుంది. స్పోర్ట్స్ కారు ఆ జాతిది కాదు. చిన్నది, తేలికైనది, రెండు ఆసనాలు గలది, పై కప్పు మడిచి పెట్టుకొనదగినది. దాని పుట్టుక కూడా రాజగృహంలో జరుగలేదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పట్టణంలో మోరిస్ గ్యారేజెస్ అను కార్ల అమ్మకపు, మరమ్మతుల శాల ఉండేది. 1920లలో దాని మేనేజరు సెసిల్ కింబర్. సామాన్య సంసారులు కొనుక్కొను మోరిస్ కారు చట్రం తీసుకొని, దానిపై అందమైన తేలిక బాడీ కట్టించి ఆయన అమ్మసాగినారు. ఆ శాల పేరులోని మొదటి అక్షరాలే ఎం.జి. అనగా ఈ వంశానికి మూలపురుషుడు ఒక గ్యారేజి. కింబర్ 1941లో ఉద్యోగం కోల్పోయి, 1945 ఫిబ్రవరిలో రైలు ప్రమాదంలో మరణించినారు. యుద్ధానంతరం ఆ ఏడాదే వెలువడిన టి.సి. అను కారును ఆయన చూడలేదు.

చిచ్చా సంరక్షణలోని కారు ఆ టి.సి.యే. ఇంజను 1250 సి.సి. మాత్రమే. 19 అంగుళాల పెద్ద చక్రాలకు సైకిలు వలె ఇనుపకమ్ములు. రేకు బాడీ లోపల కొయ్య చట్రం. ముందరి అద్దం పూర్తిగా బానెట్టు మీదికి వాల్చుకొనవచ్చును. 1949 వరకు ఇట్టివి సుమారు 10,000 తయారైనవి. కుడిప్రక్కన నడుచు అమెరికాకు కూడా వాటిని మన దేశంలో వలె కుడివైపు స్టీరింగుతోనే పంపినారు. అయినా అక్కడి యువకులు ముచ్చటపడి కొనుక్కొన్నారు.

దాని ప్రక్క వరుసలో స్టాండర్డు హెరాల్డు నిలిచి ఉన్నది. అది చిచ్చాకు బాల్యస్నేహితుడు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డు అనబడిన ఆ కారు 1961 నుండి మద్రాసులోనే తయారైనది. నాలుగు తలుపుల హెరాల్డు మన దేశపు ప్రత్యేకత. ఇంగ్లండులో ఆ చట్రాన్నే పొట్టిగా చేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారును నిర్మించినారు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు పందేలకు పోగా, ఒకరు మద్రాసులో డాక్టర్లను, వకీళ్ళను మోసుకొని తిరిగినారన్నమాట. హెరాల్డు బానెట్టు మొత్తం ముందుకు ఒరిగి ఇంజను బయటపడుతుంది. "పన్నెండేళ్ళ పిల్లోడు కూడా లోపలికి దిగి పని నేర్చుకోవచ్చు. నేను నేర్చుకొన్నది దీంట్లోనే" అని చిచ్చా దాని మడ్గారును నిమిరినారు.

ప్రేక్షకులు నిండుతున్న వేళ, ఎం.జి. ఇంజను కుంటుతూ నడువసాగినది. ఆ కారుకు రెండు ఎస్.యు. కార్బరేటర్లు. ఇంజను గాలి పీల్చినకొద్దీ లోపలి పిస్టను పైకి లేస్తుంది. దానితో పాటు ఒక సూది లేచి పెట్రోలుకు తగినంత దారి ఇస్తుంది. పిస్టను తొందరపడకుండ పైన గొట్టంలో కొంచెం నూనె ఉంటుంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో దీనిని కల్పించిన స్కిన్నర్ సోదరులది పాదరక్షల వ్యాపారం చేయు కుటుంబం. తొలి కార్బరేటర్లలో పిస్టనుకు బదులు తోలుతిత్తి ఉండేదట. రెండు కార్బరేటర్లూ సమానంగా గాలి పీల్చితేనే ఇంజను సుఖంగా నడుస్తుంది. ఆ సమానతను కొలుచుటకు చిచ్చా జేబులో మూరెడు రబ్బరు గొట్టం తప్ప ఏ పరికరమూ లేదు. గొట్టం ఒక కొన కార్బరేటరు నోటి వద్ద, రెండవ కొన చెవి వద్ద పెట్టుకొని, వైద్యుడు గుండె వినునట్లు ఒకదాని తరువాత ఒకటి విన్నారు. పిమ్మట గొట్టాన్ని విద్యార్థి చేతికిచ్చినారు. "విను నాయనా. రెండూ ఒకే శ్రుతిలో బుస కొట్టాల." అతడు రెండుసార్లు విని ఊరకున్నాడు. మూడవసారి విని, "ముందరిది గట్టిగా పీలుస్తా ఉంది చిచ్చా" అన్నాడు. చిచ్చా స్క్రూను పావు చుట్టు త్రిప్పినారు. ఇంజను కుదుటపడినది. విద్యార్థి ముఖం చూచినవారు, పరీక్షా ఫలితాల దినాన కూడా ఇంత వెలుగు అక్కడ చూచి ఉండరు.

మరొక చిన్న సంగతి కూడా చెప్పవలెను. ఇంజను ప్రక్కన ఒక బోల్టు సడలినది. విద్యార్థి నేటి మిల్లీమీటరు పానా పెట్టగా అది కుదరలేదు. చిచ్చా పాత ఇంగ్లీషు కొలత పానా తీసినారు. "జాగ్రత్త. దీని తల ఇంగ్లీషోళ్ళది, త్రెడ్డు ఫ్రెంచోళ్ళది. తల చూసి త్రెడ్డు కూడా అదే అనుకొని వేరే బోల్టు బిగిస్తే ఇంజను చెడుతుంది" అన్నారు. ఇందులో చరిత్ర ఉన్నది. ఫ్రాన్సుకు చెందిన హాచ్‌కిస్ అను ఆయుధ సంస్థ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కోవెంట్రీలో కర్మాగారం పెట్టినది. 1923లో మోరిస్ దానిని కొన్నారు. ఫ్రెంచి కొలతల యంత్రాలు అక్కడ అట్లే ఉండిపోయినవి. ఇంగ్లీషు మెకానిక్కుల పానాలకు అనుకూలంగా తలలు మాత్రం విట్‌వర్త్ అను ఇంగ్లీషు కొలతలో చేసినారు. నాలుగవ తరగతి చదివిన చిచ్చాకు ఈ సంస్థల పేర్లు తెలియవు. విషయం మాత్రం ఉస్తాదు చేతి నుండి వచ్చినది. "తల ఒక కొలత, త్రెడ్డు ఒక కొలత. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు చదివిన మన మాదిరే బాబూ. రెండూ ఎరిగినోడికే లొంగుతుంది" అని మా వైపు చూచి నవ్వినారు. మా కళాశాల స్వభావాన్ని ఇంత సూటిగా చెప్పిన ప్రసంగం వార్షికోత్సవ వేదికలపై మేము వినలేదు.

ప్రతి కారు ముందు ఒక చిన్న పలక ఉన్నది. కారు పేరు, సంవత్సరం, ఇంజను శక్తి, యజమాని పేరు. అంతటితో పలక ముగిసినది. యజమానిని తప్పు పట్టుటకు ఏమీ లేదు. ఆయన సౌమ్యులు. చిచ్చాకు తమ చేతులతో టీ తెచ్చి ఇచ్చినారు. లోపం ఆచారంలో ఉన్నది. ప్రతి కారు చాటునా చిచ్చా వంటివారు ఒకరిద్దరు గుడ్డముక్కతో చేతులు తుడుచుకొంటూ నిలబడి ఉన్నారు. వారందరూ ఒకరినొకరు ఎరుగుదురు. "ఆయన ఫలానా ఉస్తాదు శిష్యుడు" అని ఒకరిని గురించి ఒకరు చెప్పుకొన్నారు. మన సాహిత్యంలో గురుపరంపర ఎంత గౌరవపాత్రమో, అక్కడా అంతే. మన పరంపరకు గ్రంథాలు సాక్ష్యం. వారి పరంపరకు నడుచుచున్న ఇంజనే సాక్ష్యం.

ఎం.జి. కార్లు పుట్టిన ఆబింగ్డన్ కర్మాగారం 1980లో మూతపడినది. పేరు చేతులు మారి చీనా సంస్థకు చేరినది. ఆ పేరుతో 2019 నుండి గుజరాతులోని హాలోల్‌లో తయారైన క్రొత్త కార్లు మన చిత్తూరు రోడ్డు మీద తిరుగుతున్నవి. జాగ్వార్ 2008లో టాటావారి పరమైనది. మన అంబాసిడరు సైతం 2014లో ఆగిపోయినది. సంస్థలు పోయినా 1947 నాటి ఇంజను నేడు నడిచినదంటే, దానికి ప్రాణం పోసినది పేరు లేని చేతులే.

తెలుగు అధ్యాపకునికి నిమిత్తం ఇక్కడ ఉన్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రారంభించి, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాలను, 1971లో చేనేత పదాలను ప్రచురించినది. రైతు, నేతగాని నోటి మాటలకు గ్రంథగౌరవం దక్కినది. షెడ్డు మాటలూ మన మాటలే. రెంచిని 'రించి' అని, మడ్‌గార్డును 'మడ్గారు' అని తెలుగు నాలుకకు ఒదిగించినవారు మెకానిక్కులు. హిందుస్తానీ 'పానా'ను తెలుగు పల్లెలకు పరిచయం చేసినవారూ వారే. ప్రదర్శన నుండి వచ్చిన తరువాత మా విద్యార్థి ఇట్టి మాటలను నోటుపుస్తకంలో వ్రాయసాగినాడు. ఇప్పటికి 120 మాటలైనవి. ప్రతి మాట ప్రక్కన బొమ్మ వేసినాడు.

ఆ పుస్తకాన్ని అతని తండ్రికి చూపినాము. ఆయన పుటలు త్రిప్పి, బొమ్మలు చాలాసేపు చూచి, "అంతా బాగుంది సార్. మీ చిన్నాయన దగ్గిర నేర్చుకొంటే కాగితం ఎవరిస్తారు? కాగితం లేకపోతే వాడూ నా మాదిరే కదా?" అన్నారు. మేము ఏదో చెప్పబోయి మానుకొన్నాము. ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి ఓదార్పు మాటలు సమాధానం కావు.

కనుక ఆ ప్రశ్నను కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము. వారానికి ఒక అపరాహ్ణం, గౌరవవేతనంతో, చిచ్చా వంటి ఉస్తాదులను కళాశాలకు పిలిపించవచ్చు. నేర్చినవారికి కళాశాల ముద్రతో ధ్రువపత్రం ఇవ్వవచ్చు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చు పద్ధతి ఏర్పడినది. ఆ మార్గాన్ని విచారించి, మన విద్యార్థులకూ, వారి ఉస్తాదులకూ కూడా అందించవచ్చు. బి.కాం. పట్టా ప్రక్కన ఆ కాగితం ఉంటే పట్టా విలువ తగ్గదు.

విద్యార్థులకు ఒక మాట. మీ ఊరిలో బండి బాగుచేయువారు, బావి మోటారు చుట్టువారు, కుట్టుయంత్రం విప్పువారు ఎవరైనా ఉంటే, సెలవులలో వారి ప్రక్కన కూర్చొని వారి మాటలు వ్రాసుకొనిరండి. మొదటి పుటలో వారి పేరు, వారి ఉస్తాదు పేరు వ్రాయుట మరువకండి. చిచ్చాకు ఇప్పుడు 74 ఏండ్లు. కుడి చెవి మందగించినదని, గొట్టం ఇప్పుడు ఎడమ చెవికే పెడుతున్నామని మొన్న తామే చెప్పినారు. ఆ ఎడమ చెవి పనిచేయుచుండగానే ఈ కార్యం ప్రారంభం కావలెనని మా విన్నపం.