ప్రయాణపు పనస

పైనాపిల్ బండి దగ్గర నిలబడితే మొదట వినిపించే ప్రశ్న ఒకటే. "కోసియ్యాల్నా, అట్లనే కావాల్నా?" మనలో చాలామంది కోసియ్యమనే అంటాం. బండాయన తలమీది ఆకుల కుచ్చును ఒక్క వేటుకు నరికి కింద బుట్టలో పడేస్తాడు. చెక్కు తీసి, కళ్లు తీసి, ఉప్పుకారం చల్లిన ముక్కలు మన చేతికొస్తాయి. మొక్క మాత్రం ఆ బుట్టలోనే ఉండిపోతుంది.

అవును, ఆ కుచ్చే మొక్క. మామిడికి టెంక ఉన్నట్టు, సీతాఫలానికి గింజలున్నట్టు మనం తినే పైనాపిల్‌లో విత్తనాలు కనిపించవు. కుచ్చును మట్టిలో పెడితే వేళ్లు పోసుకుంటుంది, మెల్లగా పెరుగుతుంది, రెండేళ్లకు అటూ ఇటుగా ఒక పండు ఇస్తుంది. ఒకటంటే ఒకటే. అరవై రూపాయలకు దొరికే పండు కోసం రెండేళ్లు నీళ్లు పోయడమేంటని మీకు అనిపిస్తోందా? మా అమ్మ కూడా అదే అడిగింది.

మాది కరీంనగర్‌లో కిరాయి ఇల్లు. సొంతూరు జగిత్యాల దగ్గర. నాయిన మస్కట్‌లో పనిచేస్తాడు. మస్కట్‌లో ఉన్నా, రియాద్‌లో ఉన్నా మా దిక్కు "దుబాయ్ పోయిండు" అనే అంటారు. మా ఊళ్లో ఏ వాడకట్టుకు పోయినా అలాంటి ఇల్లు ఒకటైనా ఉంటుంది. రెండేళ్లు పని, ఆ తర్వాత లీవు, మళ్లీ రెండేళ్లు. 2021 ఆగస్టులో నాయిన మళ్లీ విమానం ఎక్కాడు. మా చదువుల కోసం అమ్మ, నేను, చెల్లె కరీంనగర్‌లో ఒక పై పోర్షన్ తీసుకున్నాం. అమ్మ బీడీలు చేస్తుంది. నేను డిగ్రీలో ఉన్నాను, చెల్లె ఇంటర్‌లో.

ఊళ్లో ఇంటెనక జామచెట్టు ఉండేది. కిరాయి ఇంట్లో చెట్టు పెట్టాలంటే రెండు చిక్కులు. నేల మనది కాదు. ఎన్నాళ్లుంటామో తెలియదు. జామ మొక్క కాపుకొచ్చేసరికి ఆ ఇంట్లో ఇంకెవరో ఉంటారు. ఆ కాయలు వాళ్ల పిల్లలు తింటారు.

అప్పుడే ఒక సంగతి చదివాను. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఐన్-ఎ-అక్బరీ'లో పండ్ల గురించి చెబుతూ అనాస ప్రస్తావన తెస్తాడు. దానికి 'కటహల్-ఎ-సఫరీ' అని ఇంకో పేరు ఉందంటాడు. కటహల్ అంటే పనస. సఫర్ అంటే ప్రయాణం. అంటే ప్రయాణపు పనస. లేత మొక్కను కుండలో పెట్టుకుని వెంట తీసుకెళ్లినా కాస్తుంది కాబట్టి ఆ పేరట. నాలుగు వందల ఏళ్ల కిందటి మాట ఇది. కిరాయి ఇళ్లవాళ్ల కోసమే రాసిపెట్టినట్టు అనిపించింది నాకు.

అసలు ఈ మొక్కే పెద్ద ప్రయాణం చేసి వచ్చింది. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1493లో కొలంబస్ మనుషులు గ్వాడలూప్ దీవిలో దీన్ని చూశారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడల్లో మన తీరానికి తెచ్చారు. మనం అంటున్న 'అనాస' కూడా వాళ్ల మాటే, వాళ్లకేమో అక్కడి ఆదివాసుల భాష నుంచి వచ్చింది. పండుతో పాటు పేరు కూడా సముద్రం దాటింది.

టవర్ సర్కిల్ దగ్గర కోయించకుండా రెండు పండ్లు కొన్నాను. ఒక కుచ్చు మాకు, ఇంకొకటి ఆదిలాబాద్‌లో ఉండే మా చిన్నమ్మకు. కింద పోర్షన్‌లో ఉండే ఓనర్ తాత నా చేతిలో కుచ్చు చూసి నవ్వాడు. "గిది ఈడ పండుతదా బిడ్డా?"

ఆయన అడిగిందాంట్లో తప్పులేదు. జగిత్యాల అంటే మామిడి. ఆదిలాబాద్ అడవి అంటే సీతాఫలం. పైనాపిల్‌కు కావాల్సింది వేరే. వానలు బాగుండాలి, ఎండ 32 డిగ్రీలు దాటకూడదు, చలి 15 కంటే దిగకూడదు. అందుకే కేరళలో ఎర్నాకుళం జిల్లాలోని వాళకుళం ఈ పండుకు పేరుమోసింది. 2009లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆంధ్రలో అయితే పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీలో సవర, జాతాపు గిరిజనులు కొండవాలుల్లో పండిస్తారు. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఆదిలాబాద్‌లో డిసెంబర్ రాత్రి 5, 6 డిగ్రీలకు పడిపోవడమూ కొత్త కాదు.

కానీ జహంగీర్ తన జ్ఞాపకాల్లో ఆగ్రాలోని గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేల అనాసపండ్లు కాస్తున్నాయని రాసుకున్నాడు. ఆగ్రా ఎండ, ఆగ్రా చలి మనకేం తీసిపోవు. అక్కడ కాయించారంటే ఎవరో కూచుని నీడ పట్టారు, చలి నుంచి కాపాడారు. ఆయనకు తోటమాలీలు ఉన్నారు. మాకు డాబా, ఒక పాత పెయింట్ బకెట్ ఉన్నాయి.

పెట్టడం పెద్ద పనేం కాదు. పండును ఒక చేత్తో, కుచ్చును ఇంకో చేత్తో పట్టుకుని మెలితిప్పితే ఊడొస్తుంది. అడుగున అంటుకున్న గుజ్జు ఏమాత్రం మిగలకుండా తీసేయాలి, లేకపోతే కుళ్లుతుంది. కింది ఆకులు ఒక్కొక్కటి లాగేస్తే అంగుళం మేర కాడ బయటపడుతుంది. దాని మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అవే రేపటి వేళ్లు. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి మట్టిలో పెట్టాలి. మట్టి నీళ్లు నిలవనిదై ఉండాలి. నేను ఎర్రమట్టి, ఇసుక, పెంట ఎరువు కలిపాను. ఆదిలాబాద్‌లో చుట్టూ నల్లరేగడే. అది తడిని పట్టుకుని వదలదు. చిన్నమ్మ ఎవరికో చెప్పి రెండు సంచుల ఎర్రమట్టి తెప్పించుకుంది. బకెట్ అడుగున నాలుగు రంధ్రాలు మర్చిపోవద్దు.

నీళ్లు ఎక్కువ అడగదు. వానల్లో అసలు పోయనే లేదు, మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు చాలు. ఆకులు గరాటులా ఉంటాయి కదా, ఆ నడిమి గుంతలో కూడా కాసిన్ని పోయాలి. దీని ఒంట్లో ఇంకో తెలివి ఉంది. చాలా మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారినే తడి ఎగిరిపోతుంది. ఇది ఎక్కువగా రాత్రిపూట తెరుస్తుంది. చల్లబడ్డాక పీల్చుకుని దాచుకుంటుంది, పొద్దున ఎండ రాగానే దాంతో తిండి తయారుచేసుకుంటుంది. ఇది చెబితే వీడియో కాల్‌లో నాయిన నవ్వాడు. "మా సైట్ల ఎండకాలం మేమూ గట్లనే. మధ్యాహ్నం బంద్, పొద్దుగాల పొద్దుగాల పని."

అప్పటినుంచి కాల్‌లో మొక్కను చూపించడం అలవాటైంది. అంతకుముందు కాల్ అంటే పైసలు వచ్చినయా, ఫీజు కట్టినవా, ఒంట్లో బాగుందా, అంతే. ఐదు నిమిషాల తర్వాత ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. ఇప్పుడు "ఎన్ని ఆకులొచ్చినయ్?" అని నాయినే అడిగేవాడు. చెల్లె లెక్కపెట్టి చెప్పేది. ఆయన ఎక్కడో రాసుకునేవాడట.

2022 మే నెలలో రెండు గండాలు వచ్చాయి. ఒకటి ఎండ. డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. ఆకుల కొసలు ఎండి, పచ్చరంగు పసుపుకు తిరిగింది. బకెట్‌ను మెట్ల కింద పెట్టి, పొద్దుటి ఎండ మాత్రం తగిలేలా చేశాం. బకెట్ చుట్టూ తడి గోనెసంచి కట్టాం. రెండోది కిరాయి. ఓనర్ తాత కొడుకు కుటుంబంతో తిరిగొస్తున్నాడని ఇల్లు ఖాళీ చేయమన్నారు. సామాను ఆటో ట్రాలీలో ఎక్కించాం. బీరువా, మంచాలు, బియ్యం డ్రమ్ము, వాటి మధ్య ముళ్ల ఆకులతో ఈ బకెట్. అమ్మ బీడీల చాటను ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో బకెట్‌ను పట్టుకుని కూచుంది. కొత్త ఇంట్లో పెట్టిన పది రోజులకు నడిమిలో కొత్త ఆకు లేచింది. అబుల్ ఫజల్ మాట నిజమే.

ఆదిలాబాద్‌లో చిన్నమ్మ బాధ వేరే. ఆమెకు మే నెల కంటే డిసెంబర్ భయం. చలికి ఆకులు ఎర్రబారాయి, రెండు నెలలు మొక్క కదల్లేదు. రాత్రి బస్తా కప్పి, పొద్దున తీసేది. అయితే అదే చలి ఆమెకు మేలు కూడా చేసింది. రాత్రులు చల్లబడి పగళ్లు చిన్నవైతే పెద్ద మొక్కకు పూతకొచ్చే కాలం వచ్చిందని తెలుస్తుంది. రెండో చలికాలం దాటగానే ఆమె మొక్క దానంతట అదే పూతకొచ్చింది.

మేం మాత్రం కొంచెం తొందరపెట్టాం. పండిన పండ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. అది తగిలితే పైనాపిల్ పూస్తుంది. ఈ సంగతి 19వ శతాబ్దంలో అజోరెస్ దీవుల్లో పొగ వల్ల బయటపడింది. అద్దాల ఇళ్లలో పొగ పట్టిన మొక్కలన్నీ ఒక్కసారే పూశాయట. పొగలో కూడా ఉండేది ఆ వాయువే. తోటల రైతులు ఇప్పుడు దీనికి ఎథ్రెల్ మందు వాడతారు. మేం 2022 డిసెంబర్‌లో బాగా మాగిన అరటిపండ్లు మూడు మొక్క మొదట్లో పెట్టి, పెద్ద పాలిథిన్ కవర్ కప్పి వారం రోజులు వదిలేశాం. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఇలా చేస్తే పండు నిమ్మకాయంతే వస్తుంది, అందుకే ఏడాదిన్నర ఆగాం.

ఫిబ్రవరిలో నడిమి గుంతలో ఎర్రగా ఏదో కనిపించింది. చెల్లె అరుపుకు పక్క పోర్షన్ వాళ్లు కూడా వచ్చారు. తర్వాత ఊదారంగు పువ్వులు కింది వరుస నుంచి పైకి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకున్నాయి. మనం పైనాపిల్ మీద కన్ను అనేది ఒక్కొక్కటీ ఒక పువ్వే. వంద, రెండు వందల పువ్వులు కలిసిపోయి ఒక్క పండు అవుతాయి. చీమలు వరుస కట్టాయంటే పిండినల్లి వచ్చినట్టే లెక్క. సబ్బునీళ్లతో తుడిచాం. మళ్లీ మే వచ్చింది. ఈసారి ఎండకు పండు కాలకుండా అమ్మ పాత చీర ముక్క చుట్టింది.

ఆగస్టుకు పండుతుంది, ఆగస్టులోనే నాయిన లీవు. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరం అదే లెక్క వేసుకున్నాం. జులై చివర్లో నాయిన ఫోన్ చేశాడు. లీవు వెనక్కి పోయింది, నవంబర్ అంటున్నారు. చెల్లె ఏడ్చింది. పండు అప్పటికే కింది వరుసల్లో పసుపు తిరుగుతోంది.

ఆపొచ్చా అని ఇంటర్నెట్ అంతా వెతికాను. లాభం లేదు. ముందే కోసి దాస్తే పైనాపిల్ రంగు మారుతుంది గానీ, మామిడిలా లోపల తీపి పెరగదు. చెట్టు మీదే వదిలేస్తే పులిసి పాడవుతుంది. కుండలో పెట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు, కానీ పండాక అది ఎవరి కోసమూ ఆగదు. ఇల్లంతా వాసన పట్టిన రోజు అమ్మే కత్తి తీసింది. ముప్పావు కిలో కూడా లేదు. చెల్లె ఒక ముక్కను గిన్నెలో పక్కకు పెట్టబోతే అమ్మ వద్దంది. "ఖరాబైతది. తినుండ్రి. మీరు తింటుంటే చూస్తడు."

కాల్‌లో చూశాడు. "తియ్యగుందా?" అని మూడుసార్లు అడిగాడు. తియ్యగా ఉంది, చివర కొంచెం పులుపు. నాలుక చురుక్కుమంది. ఆ చురుకు బ్రొమెలైన్ అనే ఎంజైమ్ వల్ల. అది మాంసాన్ని కూడా మెత్తబరుస్తుంది. అవన్నీ చెప్పాను. ఆయన వింటున్నాడో లేదో తెలియదు, స్క్రీన్ దగ్గరకు ముఖం పెట్టి చూస్తున్నాడు.

పండు ఇచ్చిన మొక్క మళ్లీ పండదు. పక్కనుంచి వచ్చిన పిలకలు దాని స్థానం తీసుకుంటాయి. మాకు రెండు వచ్చాయి. కుచ్చు కంటే పిలక తొందరగా కాస్తుంది, ఏడాదిన్నర చాలు. నవంబర్‌లో నాయిన వచ్చాక మొదటి పని అదే చేశాడు. బనియన్ మీద డాబా ఎక్కి, చేత్తో మట్టి కలిపి, రెండు పిలకలు రెండు బకెట్లలో పెట్టాడు. మేం తిన్న పండు కుచ్చును మూడోదాంట్లో పెట్టాడు. ఊళ్లో వ్యవసాయం వదిలాక ఆయన చేతికి మట్టి అంటడం నేను చూసింది అప్పుడే.

జనవరిలో మళ్లీ వెళ్లాడు. ఏ బకెట్ ఎప్పుడు పండుతుందో, ఆయన లీవు ఎప్పుడు పడుతుందో చెల్లె క్యాలెండర్ ముందేసుకుని లెక్కలు కట్టింది. ఏదీ కలవలేదు. అమ్మ తునికాకు కత్తిరిస్తూ తలెత్తకుండానే అంది. "మూడున్నయ్ గదా. ఆయనొచ్చినప్పుడు ఏది పండితే అది తింటడు."