జ్వరం లేచే దాకా

ఆగస్టు 4
ఈపొద్దు పట్టుపురుగుల షెడ్డుకు మందు కొట్టినాం. నూరు లీటర్ల నీళ్లకు రెండు కిలోల బ్లీచింగు, మూడు వందల గ్రాముల సున్నం. గోడలు, స్టాండ్లు, పైకప్పు, అన్నీ తడవాల. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా గొంతు మండుతుంది. తమ్ముని కొడుకు మూలల్లో రెండోసారి కొట్టినాడు. కుప్పం స్టేషన్లో తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరు గోడౌన్ పనికి పోయేవాడు, మానుకున్నాడు. "మూటలు బరువని కాదత్తా, పొద్దున ఒకటి చెప్తారు, మాపున ఇంకొకటి చెప్తారు" అన్నాడు. చెప్పిందే చేస్తాడని ఊర్లో వాణ్ణి చులకన చేస్తారు. పురుగులు మేపే ఇంటికి అంతకన్నా ఏం కావాల?

ఆగస్టు 8
చిన్న పురుగులు మేపే చాకీ కేంద్రం నుంచి పురుగులు వచ్చినాయి, రెండో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, లేచినవి. నూరు తల్లి సీతాకోకల గుడ్లవి, యాభై వేలకు దగ్గరగా ఉంటాయి. కాళ్లూ చేతులూ కడగనిదే లోపలికి ఎవరూ రాకూడదు. తమ్ముని కొడుకు వాళ్ల నాయన్ను కూడా గడప దగ్గరే ఆపినాడు.

ఆగస్టు 11, రాత్రి
మూడో జ్వరానికి కూర్చున్నాయి. మేత ఆపి సున్నం చల్లినాం. నూటికి తొంభై అయిదు లేచేదాకా ఆకు ముట్టించకూడదు. ముందు లేచినవి తల ఎత్తి వెతుకుతాంటే చూడబుద్ధి కాదు. అయినా వాటికి అప్పుడే వేస్తే మంద రెండుగా చీలుతుంది, గూడు కట్టే నాటికి కొన్ని పండి, కొన్ని పచ్చిగా ఉంటాయి. అన్నీ లేచినాక రోగం రాకుండా విజేత పొడి చల్లి, అరగంట ఆగి, అప్పుడు మేత.

శిక్షణలో పాశ్చర్ సంగతి చెప్పినారు. 1865లో ఫ్రాన్సులో పెబ్రిన్ రోగం పట్టుపురుగులను తుడిచిపెడుతుంటే, అంతవరకు పురుగును చేత పట్టి ఎరగని ఆ రసాయన శాస్త్రజ్ఞుణ్ణి అలెస్‌కు పంపినారంట. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినా పని వదల్లేదు. ఆయన చెప్పింది ఇదే: గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకను నూరి మైక్రోస్కోపులో చూడాల, రోగకణం కనిపిస్తే ఆ గుడ్లు పారెయ్యాల. గుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ అదే పద్ధతి. పద్ధతిని బుర్రలేని పని అనేవాళ్లకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది. ఒక్కొక్క మెట్టు వెనకా ఎవరిదో పంట పోయింది.

ఆగస్టు 20
అయిదో దశ. నడుము వంగితే లేవడం లేదు. పంటకు టన్నుకు దగ్గరగా ఆకు పడితే, అందులో నూటికి ఎనభై పైన ఈ వారమే తింటాయి. పొద్దున, సాయంత్రం కొమ్మలు కోసి మోపులు మొయ్యాల. రాత్రి మేత పదకొండుకు. వాన పడింది. తడి ఆకు పెట్టకూడదని వాడు కొమ్మలు వసారాలో పరిచి, తిరగేసి, ఆరినాకే వేసినాడు. నిద్ర ముంచుకొస్తున్నా తొందరపడలేదు. చేతి సత్తువ ఒక్కటే చాలదు ఈ పనికి, ఇంత ఓర్పు కావాల.

ఆగస్టు 24
పండినాయి. ఒళ్లు పసుపుపచ్చగా మెరుస్తాంది. ఏరి గూడు కట్టే చంద్రికల మీద వేస్తున్నాం, చదరపు అడుగుకు నలభై, యాభై. ఒత్తుగా వేస్తే రెండు పురుగులు ఒకే గూడు కట్టుకుంటాయి, దానికి ధర లేదు. గాలి బాగా ఆడేటట్టు కిటికీలన్నీ తెరిచినాం.

ఆగస్టు 30
గూళ్లు విప్పినాం. గట్టిగా, తెల్లగా ఉండాయి. రేపు మార్కెట్టుకు. వాడికి దినకూలి లెక్క కట్టబోయి ఆగినాను. రేటు ఎంత పలికినా, ఇకమీదట ప్రతి పంటలో నాలుగో వంతు నీదే అన్నాను.
"రాసి పెట్టత్తా" అన్నాడు.
రాసి, సంతకం పెట్టి ఇచ్చినాను.