మెయిన్‌ని పిలిచేదెవరు?

'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్.' మన బ్రాంచ్‌లో ఎవరిని నిద్రలేపి అడిగినా రెండో ఎక్కంలా అప్పజెప్పేస్తారు. కానీ ఇంటర్వ్యూలో ఆ లైను అడగరు. "స్టాటిక్ ఎందుకు?" అని అడుగుతారు.

నా రూమ్‌మేట్ పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాక్ ఇంటర్వ్యూ ఉందంటే ముందురోజు నుంచే వాడికి అన్నం సయించదు. ఒక రాత్రి వాడే అడిగాడు: "రేయ్, మిగతా ఫంక్షన్లన్నీ మనం పిలుస్తాం. మరి మెయిన్‌ని ఎవరు పిలుస్తారు రా?" ఇంగ్లీషులో అయితే పుస్తకంలో వాక్యం చెప్పేసేవాణ్ణి. వాడికి తెలుగులో చెప్పాలంటే ఒక్కో మాటా విడదీయాల్సి వచ్చింది.

జావాలో మెయిన్‌ని పిలిచేది జేవీఎమ్. అది మన క్లాసు బయట ఉంటుంది. బయటి నుంచి పిలవాలంటే తలుపు తీసి ఉండాలి, అందుకే పబ్లిక్. అప్పటికింకా మన క్లాసుకి ఒక్క ఆబ్జెక్ట్ కూడా పుట్టలేదు. ఆబ్జెక్ట్ లేకుండానే పిలవాలి కాబట్టి స్టాటిక్. తిరిగి ఇచ్చేదేమీ లేదు కాబట్టి వాయిడ్. కమాండ్ లైన్‌లో మనం టైప్ చేసినవి ఆర్గ్స్‌లోకి వస్తాయి. 5 అని ఇచ్చినా అది స్ట్రింగే.

సీలో మెయిన్ ఇంట్ ఇస్తుంది. సున్నా ఇస్తే పని సవ్యంగా అయిందని ఆపరేటింగ్ సిస్టమ్‌కి కబురు. అక్కడ కూడా మెయిన్‌కన్నా ముందు స్టార్టప్ కోడ్ నడుస్తుంది. మెయిన్‌ని పిలిచేది అదే. జావాలోనూ అంతే, మెయిన్ ఉన్న క్లాసులో స్టాటిక్ బ్లాక్ రాస్తే ముందు అదే నడుస్తుంది.

2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25లో పబ్లిక్, స్టాటిక్, ఆర్గ్స్ ఏవీ లేకుండా వట్టి 'వాయిడ్ మెయిన్' రాసినా నడుస్తుంది. బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. కారణం తెలిసినవాళ్ళకి మాత్రం ఒకటే ప్రశ్న వస్తుంది: మరి ఆబ్జెక్ట్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇప్పుడు దాన్ని కూడా జావానే తయారుచేసుకుని, దాని మీద మెయిన్‌ని పిలుస్తుంది.

మనలో చాలామంది జవాబు తెలిసినా ఇంగ్లీషు భయంతో నోరు విప్పరు. ఇంకొందరు గడగడా చెప్పేస్తారు, 'ఎందుకు' అనగానే ఆగిపోతారు. ఇద్దరికీ పనికొచ్చే దారి ఒకటే. ముందు తెలుగులో పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పండి, తర్వాత అదే ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేయండి. ఈ రాత్రికే మొదలుపెట్టొచ్చు. ల్యాప్‌టాప్ తెరిచి, స్టాటిక్ తీసేసి రన్ చేయండి. పాత జావాలో ఒకసారి, 25లో ఒకసారి.