లెక్కను చెప్పించుకొనుట

పదవ తరగతి ముగించి ఇంటర్మీడియేటున గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు తీసికొన్న పిల్లలుండు ఇండ్లలో మొదటి మూడు నెలలు ఎట్లు గడచునో చదువరులలో పెక్కుమంది యెరుగుదురు. గణితము పాత చుట్టమే. రసాయనశాస్త్రమును కంఠస్థము చేసియైనను గట్టెక్కవచ్చును. భౌతికశాస్త్రమునందలి తొలి ప్రకరణములు, అనగా చలనము, బలము, ఘర్షణ, పని, శక్తి అనునవి మాత్రము పిల్లలను మిక్కిలి కలతపెట్టును. వీనినే యాంత్రికశాస్త్రమందురు. పాఠము వినునపుడు తెలిసినట్లే యుండును. పుస్తకములో సాధించి చూపిన లెక్కను చదువునపుడు మరింత తెలిసినట్లుండును. పుస్తకము మూసి తెల్లకాగితము ముందు పెట్టుకొన్నతోడనే ఏమియు తోచదు.

మా చెల్లెలి కుమార్తె గురజాల దగ్గరి పల్లెనుండి వచ్చి, నరసరావుపేటలో మా యింటనే యుండి చదువుకొనుచున్నది. పల్లెలో పదవ తరగతి వరకును మొదటి వరుసలో కూర్చున్న పిల్ల. ఇచ్చట చేరిన రెండవ నెలలో జరిగిన భౌతికశాస్త్రపు పరీక్షలో 30 మార్కులకు 7 వచ్చినవి. కళాశాలవారు దినమునకు 40 లెక్కలున్న కాగితము నిచ్చి పంపుదురు. పిల్ల రాత్రి పదునొకండు గంటలవరకు కూర్చుండి, వెనుకనున్న జవాబులను చూచి, సూత్రములను వరుసగా దింపుకొని, నలుబదియు పూర్తియైనవని పండుకొనును. తెల్లవారునప్పటి కొక్కటియు జ్ఞాపకముండదు.

ఆమె తండ్రి, మా మరిది, మిరప, ప్రత్తి పండించు రైతు. కఠినుడు కాడు గాని అప్పు తెచ్చి రుసుము కట్టినవాడు. మార్కుల సంగతి విని, "కుదరనిచో దసరాకు ఇంటికి వచ్చివేయుము, తల్లీ. పదునెనిమిది నిండువరకు అమ్మకు సాయముగా నుందువు గాని. తరువాత చూతము" అని చెప్పి పోయెను. కోపముతో చెప్పియున్నచో పిల్ల యేడ్చి ఊరకుండెడిది. శాంతముగా చెప్పినందున ఆ మాట దాని మనసున నాటుకొన్నది. నాకును నాటుకొన్నది.

నేను పదవ తరగతితోనే చదువు చాలించినదానను. సైను, కొసైను అను మాటలు చెవిని పడినవే గాని వానితో నాకెన్నడును పనిపడలేదు. కావున నేను చేయగలిగిన దొక్కటే. వంటయింటి గడపదగ్గర పీట వేసి పిల్లను కూర్చుండబెట్టి, "నీ లెక్కలో నేమి జరుగుచున్నదో నాకు చెప్పుము. అంకెలు వలదు. కథవలె చెప్పుము" అని యడిగితిని. "వాలుతలముపై దిమ్మె యున్నది, పెద్దమ్మా" అని ఆగిపోయెను. "దిమ్మె యెవరిది? వాలుతలమనగా నేమి?" అంటిని. కొంతసేపటికి, "లారీకి ఆనించిన బల్ల యనుకొనుము. దిమ్మె నాన్నగారి మిరపకాయల బస్తా" అనెను. అచ్చటినుండి మాటలు వచ్చినవి.

బస్తాను క్రిందికి జార్చునది దాని బరువులో నొక పాలు మాత్రమే. మరియొక పాలు దానిని బల్లకు అదుముచుండును. దేనికి సైను వేయవలెనో, దేనికి కొసైను వేయవలెనో పిల్ల బట్టీపట్టి, పరీక్షలో తారుమారు చేసినది. నాకా మాటలే తెలియవు గనుక నాకు తోచినది అడిగితిని. "బల్లను నేలపై పడుకోబెట్టినచో బస్తా జారునా?" జారదనెను. "నిట్టనిలువుగా నిలిపినచో?" బల్ల యున్నను లేనట్లే, బస్తా తిన్నగా పడిపోవుననెను. అని ఒక్క క్షణమాగి, "కోణము సున్నయైనపుడు జారుడును సున్న. సున్నకు సైను సున్న, తొంబదికి సైను ఒకటి. అయితే జార్చునది సైనే!" అని తనలో తాననుకొన్నది. నేనప్పుడు పప్పునకు తిరగమోత పెట్టుచుంటిని. ఆ మాటల యర్థము నాకు భోజనముల తరువాత చెప్పినది.

ఇంతకంటె చిక్కైనది ఎడ్ల లెక్క. మా పలనాటిలో బండలాగుడు పందెములను చూడనివారుండరు. ఒంగోలుజాతి ఎడ్ల జత పెద్ద రాతిబండను మట్టిబాటపై నీడ్చుకొనిపోవును. నిర్ణయించిన కాలములో నెంతదూర మీడ్చినవో కొలిచి బహుమతులిత్తురు. పిల్ల కాగితములోని లెక్కయు ఇట్టిదే. 1000 కిలోగ్రాముల బండ. నేలకును బండకును నడుమ ఘర్షణ గుణకము 0.5, మారని వేగముతో లాగుట కెంత బలము కావలెను? బండ బరువు 9800 న్యూటనులు. అందులో సగము, అనగా 4900 న్యూటనులు, ఘర్షణ. లాగుడును 4900 న్యూటనులే. పిల్ల అరనిమిషములో వేసినది. కథగా చెప్పుమన్నపుడు మాత్రము ఎడ్ల బలమే ఘర్షణకంటె ఎక్కువయని చెప్పెను.

"సమానమని వ్రాసితివి గదా?" అంటిని.

"వ్రాసితిని. కాని సమానమైనచో బండ యెట్లు కదలును, పెద్దమ్మా?"

నాకును జవాబు తెలియలేదు. ఇద్దరము పుస్తకమును మరల మొదటినుండి చదివితిమి. కదలుచున్న ప్రతివస్తువును ఏదో యొక బలము తోయుచునే యుండవలెనని మనమందరము నమ్ముదుము. బండిని తోయుట మానిన ఆగును, విసరుట మానిన తిరుగలి యాగును. మన యింటిలోని యనుభవమంతయు అట్లే చెప్పును. ప్రాచీన గ్రీకుపండితుడు అరిస్టాటిలు మతమును ఇంచుమించు ఇదియే. ఇటలీలో గెలీలియో 1638 లో ప్రకటించిన గ్రంథమున వాలుబల్లపై గుండ్లను దొర్లించి చేసిన ప్రయోగములను వర్ణించెను. ఇంగ్లండులో న్యూటను 1687 లో చలన సూత్రములను ప్రకటించెను. వారి తరువాతనే ఆ నమ్మకము శాస్త్రములో చెల్లకపోయినది. బలము కావలసినది వేగమును మార్చుటకు. ఉన్న వేగము నట్లే నిలుపుటకు గాదు. తిరుగలి యాగుట తోయువారు లేకపోవుటచే గాదు, రాయికి రాయి యొరసికొనుటచే. నిలిచియున్న బండను కదలించుటకు ఎడ్లు ఘర్షణను మించి లాగవలెను. కదలి వేగము పుంజుకొన్న పిదప ఘర్షణకు సరిపడ లాగిన చాలును, అదే వేగముతో బండ పోవుచుండును. మొదటి ఊపునకు ఎడ్లు పడు శ్రమ చూచినవారికి ఇది కొంత తోచియే యుండును.

ఇది ఒప్పుకొనుటకు పిల్లకు రెండు దినములు పట్టినది. మూడవనాడు తానే వచ్చి, "బండకంటె కాడి ఎత్తున నుండును గదా. గొలుసు ఏటవాలుగా పైకి లాగును. అప్పుడు బండ నేలపై మోపు బలము తగ్గును, ఘర్షణయు 4900 కంటె తగ్గును" అనెను. అది కాగితములో లేని సంగతి.

ఇట్టి పొరపాటు పల్లెపిల్లల తెలివితక్కువ యనుకొనరాదు. అమెరికాలో హెస్టినీసు అను ఆచార్యుడును ఆయన సహచరులును 1992 లో బలమును గూర్చిన ప్రశ్నల పరీక్ష నొకదానిని ప్రకటించిరి. అందు సూత్రములతో పనిలేదు. దేనిపై నే బలము పనిచేయుచున్నదను వంటి ప్రశ్నలే. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఎరిక్ మాజూరు అను ఆచార్యుడు తన విద్యార్థులకిట్టి ప్రశ్నలిచ్చి చూడగా, కఠినమైన లెక్కలు చేయగలవారే వీనిలో తడబడిరి. మీరు చెప్పినట్లు వ్రాయవలెనా, నాకు తోచినట్లు వ్రాయవలెనా యని యొక విద్యార్థి అడిగెనట. అటుపిమ్మట ఆయన తరగతిలో ఒక ప్రశ్న యిచ్చి, ప్రక్కవారికి నచ్చజెప్పుడని పిల్లలచేతనే మాటలాడించు పద్ధతిని నడిపి, దానిపై 1997 లో గ్రంథము వ్రాసెను. ఆ పద్ధతికి పెద్ద విశ్వవిద్యాలయమే కావలెనని లేదు. వినువారుండిన గడపయు చాలును.

ఈ శాస్త్రము ఆడువారికి క్రొత్తదని యెవరైన ననినచో నాకు నవ్వు వచ్చును. న్యూటను గ్రంథమును ఫ్రెంచి భాషలోనికి మార్చి వ్యాఖ్య వ్రాసినది ఎమిలీ ద్యు షాట్లే అను స్త్రీ. ఆమె 1749 లో ప్రసవమైన కొలది దినములకే మరణించెను. ఆ పుస్తకము 1759 లో వెలువడినది.

మా యింట నిప్పుడు దినమునకు మూడు లెక్కలే. తక్కిన ముప్పదియేడును చేయవలదనుట కళాశాలవారికి రుచింపలేదు. ఒక తాఖీదు కూడ వచ్చినది. నకలు చేసిన నలుబదికంటె, బొమ్మ గీచి తన మాటలలో చెప్పగల మూడే మేలని నా తలంపు. పిల్ల తానేర్పరచుకొన్న కట్టుబాటొకటి నాకు మిక్కిలి నచ్చినది. బొమ్మలో బలమునకు బాణము వేసిన ప్రతిచోటను, ఆ బలమును కలిగించువా రెవరో పేరు వ్రాయవలెను. పేరు దొరకని బాణమును కొట్టివేయవలెను. పైకి విసరిన రాయికి చేతిబలమని మొదట బాణము వేసెడిది. రాయి చేయి వదలిన తరువాత చేయి యెక్కడిది? మిగిలినది భూమి యొక్కటే, గాలి కొంచెము. ఇట్లు చేసిన లెక్కను మూడుదినముల తరువాత పుస్తకము మూసి మరల చేయును. రెండవసారి ఆగిపోయిన చోటనే తనకు తెలియనిది యున్నదని చెప్పును.

జవాబు వచ్చిన తరువాత అది నమ్మదగినదేనా యని చూచుకొనుట యింకొక పని. మాచర్ల ప్రాంతమున ఎత్తిపోతల జలపాతమున్నది. చంద్రవంక నీరు సుమారు 70 అడుగుల, అనగా 21 మీటర్ల, ఎత్తునుండి దుముకును. ఆ నీరు క్రిందికి చేరుట కెంతకాలము పట్టునని పిల్ల లెక్కవేసి 4.29 సెకనులని చూపినది. మేమొకసారి అచ్చట నిలిచి చూచియున్నాము. "అంతసేపు పట్టునా? కన్నులు మూసికొని నాలుగువరకు లెక్కపెట్టి చూడుము" అంటిని. పెట్టి చూచి, చాల ఎక్కువయని కాగితము మరల తీసెను. 42 ను 9.8 చేత భాగించి, వర్గమూలము తీయుట మరచినది. తీయగా 2.07 సెకనులు. క్రిందికి చేరునపుడు వేగము సెకనునకు 20 మీటర్లకు పైమాట, గంటకు 73 కిలోమీటర్లు. నీరు తుంపురులుగా చీలి గాలి యడ్డగించుటచే నిజమైన వేగ మింతకంటె తక్కువగానే యుండును.

దసరా వచ్చి పోయినది. పిల్లను తీసికొనిపోవుటకు ఎవరును రాలేదు. సంక్రాంతికి ముందు పరీక్షలో 30 కి 19 వచ్చినవి. మా మరిది ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను గాని ఏమియు ననలేదు.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చి మా యింట దిగెను. త్రికూటేశ్వరస్వామికి చుట్టుప్రక్కల గ్రామములవారు మ్రొక్కుబడిగా ప్రభలు కట్టి తెత్తురు. విద్యుద్దీపములతో మేడలకంటె ఎత్తుగా వచ్చుచుండును. ఆ రాత్రి ఒక ప్రభ బాటపై నొకవైపునకు ఒరిగి మరల నిలిచినది. మేము దూరముననే యుంటిమి. పిల్ల తండ్రితో, "దాని బరువుకేంద్రము పది మీటర్ల ఎత్తున నున్నదనుకొనుము, నాన్నా. క్రింద పీఠము నడుమనుండి అంచునకు ఒక మీటరు. ఆరు డిగ్రీలు నిండకముందే బరువు అంచు దాటును. ఇక దానంతట నిలువదు" అనెను.

"మోకులున్నవి గదా" అనెను ఆయన.

"ఉన్నవి. పైన కట్టి, దూరముగా నిలిచి పట్టవలెను. దగ్గర నిలిచినచో లాగుడంతయు క్రిందికే పోవును."

"మా తాతలనాటినుండి అట్లే పట్టుదుము. ఎందుకో ఎవరును చెప్పలేదు" అని, కొంతసేపు ప్రభవైపు చూచి, "గాలి గట్టిగా వీచినపుడో?" అని యడిగెను. పిల్ల నా సంచిలోని ప్రసాదపు కాగితమును తీసికొని బొమ్మ గీయనారంభించినది. గాలి యని పేరు వ్రాసి బాణము వేసినది గాని, దాని బలమెంతయో తేలలేదు. ఆ ప్రభకు గుడ్డ ఎన్ని గజములు పట్టునని తండ్రి నడుగుచుండగా, మావెనుక మరియొక ప్రభ వచ్చి బాట ఇమ్మని కేకలు వేసిరి.